నోరు తెరిస్తే నంబరే

ఆ ఉదయం ప్లానరు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఆరున్నరకి ఇంట్లోంచి బయలుదేరాలి. ఏడింటికి పాత బస్సు డిపో మూల మీద మడతకుర్చీ వేసుకుని కూర్చోవాలి. పదింటిదాకా మెయిన్ రోడ్డు మీద పోయే ప్రతి బండినీ లెక్కపెట్టాలి. పదకొండింటికి ఆ లెక్క తీసుకెళ్లి కమిషనరమ్మ బల్ల మీద పెట్టాలి. ఇరవై ఏళ్లుగా నగరం మొత్తానికి పటాలు గీసిన మనిషికి ఇదొక లెక్కా అనుకున్నాడు.

లెక్కే. అంతకుముందు వారం ఇదే మూల మీద ఇలాగే కూర్చున్నప్పుడు పాత స్నేహితుడొకడు కనిపించాడు. అతని మోకాళ్ల నొప్పుల కథ అరగంట విన్నాక, వదిలేసిన బళ్లని అందాజుగా కలిపేసి, గంటకి సరిగ్గా వెయ్యి అని రాసిచ్చాడు ప్లానరు. కమిషనరమ్మ ఆ కాగితం మీద ఎర్రసిరాతో "ఇది లెక్కా, ఊహా?" అని రాసి తిప్పి పంపింది. అందుకే ఈసారి ఆకాశం విరిగి మీద పడినా అంకె తప్ప ఇంకో మాట నోట్లోంచి రానివ్వకూడదని ఒట్టు పెట్టుకున్నాడు.

"ఎవరు పలకరించినా ఉలక్కండి, పలక్కండి," అంది భార్య టిఫిన్ డబ్బా చేతికిస్తూ. "మీకు నోరు కదిలితే బుర్ర ఆగిపోతుంది."

"నోరు కదలకపోతే కూడా ఆగిపోతుందే. పైకి అనుకుంటేగాని నాకు లెక్క నిలవదు," అన్నాడు ప్లానరు.

"అయితే అంకెలే అనుకోండి. అంకెల వల్ల ఎవరికీ ఏ నష్టమూ లేదు," అంది ఆవిడ.

ఇంతకీ ఆ లెక్క మీద ఆధారపడింది ఒక వీధి. డిపో మూతపడి తొమ్మిదేళ్లయింది. దాని ముందు మెయిన్ రోడ్డు, వెనక ఇరుకు ఇళ్ల వీధి. మధ్యలో ఎవరికీ పనికిరాని ఎత్తైన గోడలు. వెనక వీధివాళ్లు గోడల అవతలే ఉన్న మెయిన్ రోడ్డు మీదికి రావాలంటే తలచుట్టూ తిప్పి ముక్కు పట్టుకున్నట్టు అరగంట నడవాలి. డిపో మధ్యలోంచి ఒక వీధి తీసి, దానికి అటూ ఇటూ తక్కువ అద్దె ఇళ్లు కట్టాలన్నది ప్లానరు పటం. ఆ మూలలో బస్సు తిరగదు కాబట్టి వీధి వద్దు, స్థలమంతా కార్ల పార్కింగుకి ఇచ్చేద్దాం అన్నది ట్రాఫిక్ ఇంజనీరు వాదన. మెయిన్ రోడ్డు ఎంత కిక్కిరిసి ఉందో అంకెల్లో చూపిస్తే పటం బతుకుతుంది. లేకపోతే ఆ తొమ్మిదేళ్ల చాకిరీ కార్ల చక్రాల కిందికి పోతుంది.

ఫుట్‌పాత్ మీద కూర్చుంటే ఎవరైనా తోలేస్తారేమోనని ముందురోజే ఆఫీసు అటెండర్ని ఒక బోర్డు అడిగాడు. అటెండరు స్టోరు రూమంతా వెతికి, దుమ్ము దులిపి ఒకటి తెచ్చాడు. దాని మీద "నగర ప్రణాళికా విభాగం" అని పెద్ద అక్షరాలూ, కింద "ఇళ్ల పథకం" అని ఇంకా పెద్ద అక్షరాలూ ఉన్నాయి.

"ఇళ్లెందుకయ్యా? నేను లెక్కపెట్టేది బళ్లు," అన్నాడు ప్లానరు.

"ఉన్నది ఇదొక్కటే సార్. అయినా ఈ రోజుల్లో బోర్డులు ఎవరు చదువుతారు సార్!" అన్నాడు అటెండరు.

నిజమే కదా అనుకుని ప్లానరు దాన్ని కుర్చీ పక్కన నిలబెట్టాడు. పదకొండింటికి చూపించాల్సిన పటం చుట్ట చుట్టుకుపోయి ఉంటే, కాస్త సాగుతుందని దాన్నీ డిపో గోడకి నాలుగు మూలలా అంటించాడు. పసుపు రంగులో వరసగా చిన్న చిన్న ఇళ్లు, మధ్యలో తెల్లటి వీధి, ఎండలో చూడముచ్చటగా ఉన్నాయి. సరిగ్గా ఏడింటికి కుర్చీలో కూర్చుని, ఒళ్లో అట్ట పెట్టుకుని, "ఒకటి" అన్నాడు.

ఏడూ ఇరవైకి టైలరమ్మ వచ్చింది. వెనక వీధిలో ఉంటుంది. బట్టల మూట చంకన పెట్టుకుని, అరగంట చుట్టూ తిరిగి, రొప్పుతూ వచ్చి గోడ నీడన ఆగింది. బోర్డు చదివింది. పటం చూసింది. మళ్లీ బోర్డు చదివింది.

"సార్, ఇక్కడ ఇళ్లిస్తున్నారా?"

ప్లానరు రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "మూడువందల పన్నెండు," అన్నాడు.

టైలరమ్మ చంకలోని మూట కింద పడేసింది. "అమ్మో! అప్పుడే మూడువందల మంది అయిపోయారా! నాకు పన్నెండా? రాసుకోండి సార్, రాసుకోండి."

ప్లానరు అట్ట మీద ఒక గీత గీశాడు. ఆమె కళ్లారా చూసింది. వెంటనే ఫోను తీసి వాళ్ల వదినకి చేసింది. "వదినా, ఉన్నదానివి ఉన్నట్టే పరిగెత్తుకు రా. డిపో దగ్గర ఇళ్లు రాస్తున్నారు. స్టవ్వు సంగతి తర్వాత, ఇల్లే వస్తుంటే స్టవ్వెంత!"

ఆ వదిన వచ్చి నిలబడేసరికి ప్లానరు నాలుగువందల ఐదు దగ్గర ఉన్నాడు. "నీకూ నాకూ మధ్య తొంభైమంది దూరారా?" అని వదిన గుండెలు బాదుకుంది. ఆ తొంభైమంది ఎక్కడున్నారని అడగడం ఇద్దరికీ తోచలేదు. భయంలో ఉన్నవాడికి తాడే పామైనప్పుడు అంకెలు మనుషులు కావడం ఎంతసేపు? ఇద్దరూ కలిసి తలా పదిమందికి ఫోన్లు చేశారు. పావుగంటలో సగం గడ్డం గీసుకుని సగం నురగతో ఒకాయన, రెండు కాళ్లకీ రెండు రకాల చెప్పులతో ఇంకొకాయన, తలకి తువ్వాలు చుట్టుకుని నలుగురు ఆడవాళ్లు దిగారు. వచ్చినవాళ్లంతా కుర్చీ ముందు నిలబడి "సార్" అనడం, ఆయన ఒక అంకె చెప్పడం, వాళ్లు దాన్ని మంత్రంలా జపిస్తూ పక్కకి తప్పుకోవడం.

ఒక్కసారి మాత్రం ప్లానరు వ్యవహారం చక్కదిద్దాలని చూశాడు. నోరు తెరిస్తే లెక్క పోతుంది కాబట్టి రాసి చూపిద్దామని, అట్ట మీది కాగితం కొస చించి, దాని మీద చూపు పెట్టకుండానే "ఇక్కడ ఇళ్లు ఇవ్వడం లేదు" అని రాశాడు. అంతలో నాలుగు స్కూటర్లూ ఒక లారీ వరసగా వచ్చాయి. కంగారులో చేతిలో ఉన్న ముక్క మీదే నాలుగు నిలువు గీతలూ, వాటి మీదుగా ఒక అడ్డగీతా గీసేసి, ముక్కని ముందున్నవాళ్ల చేతిలో పెట్టాడు. ఆ ముందున్నది రిటైర్డు హెడ్మాస్టరు.

ఆయన కళ్లజోడు సవరించుకుని గట్టిగా చదివాడు. "‘ఇక్కడ ఇళ్లు ఇవ్వడం...’ తర్వాత ముక్క సారే కొట్టేశారు. ఐదుసార్లు కొట్టేశారు. అంటే సందేహమే లేదు, ఇవ్వడమే!"

జనం చప్పట్లు కొట్టారు. ప్లానరు కళ్లలో నీళ్లు తిరిగాయి. దాన్ని వాళ్లు పెద్దమనసు అనుకున్నారు.

హెడ్మాస్టరు రిటైరై పదకొండేళ్లయింది. వరసలో నిలబెట్టడానికి మనుషులు దొరక్క అప్పట్నుంచీ మొహం వాచిపోయి ఉన్నాడు. ఆ గుంపుని చూడగానే ఆయన నడుము నిటారైంది. "ఏమిటీ సంత? ముందు సారు దగ్గర నంబరు తీసుకోవాలి. తర్వాత నా దగ్గర పేరు రాయించుకోవాలి. తర్వాత వరసలో నిలబడాలి. చెయ్యి చాపితే ముందువాడి భుజం వేళ్లకి తగలాలి. అంతే ఎడం. ఏయ్ నురగాయనా, నిన్నే!" అన్నాడు. ఎవరి దగ్గరో రెండువందల పేజీల నోటుపుస్తకం సంపాదించి రాయడం మొదలుపెట్టాడు. సంరక్షకుడి వృత్తి లేకుండా వట్టి పేరు రాయడం ఆయనకి జన్మలో చేతకాదు. అందుకని ఇంట్లో ఎంతమంది, ఎవరు ఏ పని చేస్తారు, పనికి ఎంత దూరం, ఎలా వెళ్తారు, ఇంటద్దె ఎంత అన్నీ నిలదీసి మరీ గళ్లు గీసి రాస్తున్నాడు.

ఎనిమిదిన్నర దాటుతుండగా, హెడ్మాస్టరు చెయ్యిపట్టుకుని కుర్చీ ముందు నిలబెట్టినవాళ్లలో ప్లానరు భార్య కూడా ఉంది. పక్కింటావిడ చెవినేస్తే, ఇరుకు వాటాలో చాలా ఏళ్లుగా నలుగుతున్న ఇల్లాలు ఒక్క ఉదుటున వచ్చేసింది. దారిలో మొగుడికి పదకొండుసార్లు ఫోను చేసింది, వచ్చి వరసలో నిలబడమని. ఆ ఫోను ప్లానరు జేబులో పదకొండుసార్లూ మోగి మోగి ఊరుకుంది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఏమండీ!" అంది ఆవిడ.

"వెయ్యీ ముప్పై ఒకటి," అన్నాడు ప్లానరు దీనంగా.

"నేనండీ!"

"వెయ్యీ ముప్పై రెండు."

ఆవిడ ముందుకి వంగి గొంతు తగ్గించింది. "ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదేం? బళ్ల లెక్కన్నారు! చేతిలో పనే కదా, మొదటి నంబరు మనకి అట్టేపెట్టుకోవద్దూ? వెయ్యి దాటాక ఇస్తారా కట్టుకున్నదానికి?"

ప్లానరు తల అడ్డంగా ఊపాడు. కళ్లతో రోడ్డు చూపించాడు. కనుబొమలతో చక్రాలు తిప్పాడు. ఆవిడకి ఒక్కటే అర్థమైంది, నలుగురిలో తనని గుర్తుపట్టనట్టు నటించమంటున్నాడని. "సరే సరే," అని పెద్ద తెలివైనదానిలా కన్నుగీటి, హెడ్మాస్టరు వైపు నడిచింది.

"సంరక్షకుడి వృత్తి?" అన్నాడు హెడ్మాస్టరు.

"సర్కారు ఉద్యోగమండీ. ఇలా కూర్చుని చేసేదే," అంది ఆవిడ.

ఇక్కడొక చిక్కొచ్చింది. చేతిబారు ఎడంతో నిలబడ్డ వరస ఫుట్‌పాత్ దాటి, మూల తిరిగి, జీబ్రా గీతల మీదుగా మెయిన్ రోడ్డుకి అడ్డంగా అవతలికి పోయింది. రోడ్డు మధ్యలో వరస విరిచి బళ్లకి దారివ్వండని డ్రైవర్లు హారన్లు కొట్టారు. "విరిచారంటే నంబర్లు కలిసిపోతాయి, ఖబడ్దార్!" అన్నాడు హెడ్మాస్టరు. ఒక్కరూ కదల్లేదు. బస్సాగింది. బస్సు వెనక ఆటోలు, ఆటోల వెనక కార్లు, కార్ల వెనక ఇంకో బస్సు. సంగతి తెలిశాక మొదటి బస్సులోంచి పదిహేడుమంది దిగి వరసలో చేరారు. కండక్టరు పద్దెనిమిదోవాడు.

ట్రాఫిక్ కానిస్టేబులు విజిలు ఊది ఊది బుగ్గలు నొప్పి పుట్టి, కుర్చీ దగ్గరికి వచ్చాడు. "సార్, మీరేనా దీనికి పెద్ద? ఏ పర్మిషన్ మీద పెట్టారిది?"

ఆగిన బళ్ల సందుల్లోంచి ఒక సైకిలు బయటపడింది. "పదకొండువందల నలభై ఆరు," అన్నాడు ప్లానరు.

కానిస్టేబులు బిక్కమొహం వేశాడు. ఆ సెక్షను అతనెప్పుడూ వినలేదు. పక్కకి వెళ్లి స్టేషనుకి ఫోను చేశాడు. స్టేషన్లో ఉన్నాయనా వినలేదు, కానీ వినలేదని ఒప్పుకునే మనిషి కాదు. "పదకొండువందల నలభై ఆరంటే మనం ముట్టుకోకూడదయ్యా. వాళ్లనేం కదపకు. బళ్లనే ఎటోకటు పంపించుకో," అన్నాడు.

ఎటోకటు అంటే అక్కడ ఉన్నది ఒకటే దిక్కు. కానిస్టేబులు డిపో గేటు చూశాడు. కాపలా మనిషి తెచ్చిన తాళంచెవి తుప్పుకి లోపలే విరిగింది. కానిస్టేబులు రాయి తీసుకుని నాలుగు దెబ్బలు వేశాడు. ముందు గేటు తెరిచాడు, వెనక గేటు తెరిచాడు, బస్సుకి చెయ్యి చూపించాడు. బస్సు లోపలికి తిరిగింది. ఒక్కసారికే తిరిగింది, అద్దం కూడా గోడకి తగల్లేదు. వెనకే ఆటోలూ కార్లూ బారులు తీరి డిపోలోంచి వెనక వీధిలోకి, అక్కణ్నుంచి ఎటు కావాలంటే అటు నీళ్లలా పారిపోయాయి. తొమ్మిదేళ్లు బల్లల మీద నలిగిన దారి ఏడు నిమిషాల్లో తెరుచుకుంది. ఆ బస్సు తిరగదని ఫైలు మీద రాసిన ట్రాఫిక్ ఇంజనీరు ఆ బస్సులోనే కిటికీ పక్క సీట్లో కూర్చుని ఆఫీసుకి వెళ్తున్నాడు. అయితే నిద్రపోతున్నాడు.

గేటు ప్లానరు కుర్చీకి ఎగువన ఉంది. అంటే బళ్లన్నీ ఆయన దాకా రాకుండానే లోపలికి తిరిగిపోతున్నాయి. ఆయన ముందు రోడ్డు తుడిచినట్టు ఖాళీ అయింది. కొత్తగా వచ్చినవాళ్లు "సార్" అన్నారు. "పదకొండువందల నలభై ఆరు," అన్నాడు. తర్వాతివాళ్లూ "సార్" అన్నారు. "పదకొండువందల నలభై ఆరు."

హెడ్మాస్టరు కలం మూసేశాడు. "సారు నోట్లో నంబరు కదలడం లేదు. కోటా అయిపోయింది. ఇక ఇళ్లకి వెళ్లండి."

అంతే. అప్పటిదాకా చేతిబారు ఎడంతో నిలబడ్డ వరస ఒక్కసారిగా కందిరీగల తుట్టె అయింది. వచ్చినవాళ్లు వచ్చినట్టు కుర్చీ చుట్టూ మూగారు. "ఇంతసేపు నిలబెట్టి కోటా అంటారా?" "ఇందాకటి వెయ్యిమందీ ఎవరు? వాళ్ల మొహాలే చూళ్లేదు మేం!" "అంతా వాళ్ల చుట్టాలకే రాసుకున్నట్టున్నాడు!" ఆ చివరిమాట వినగానే ప్లానరు భార్య మెల్లగా రెండడుగులు వెనక్కి వేసింది. సగం గడ్డమాయన బోర్డు పీకి చేత్తో పట్టుకున్నాడు. దాంతో ఏం చెయ్యబోతున్నాడో ఆయన మొహంలో నురగ లేని సగం స్పష్టంగా చెబుతోంది.

ఇక ఒట్టు గట్టున పెట్టక తప్పలేదు. ప్లానరు కుర్చీ ఎక్కి నిలబడి, రెండు గంటలుగా బిగబట్టిన గొంతంతా పెట్టి అరిచాడు. "అయ్యా! అమ్మా! నేను ఇళ్లు ఇవ్వడంలేదు! నేను లెక్కపెడుతున్నది బళ్లని! రోడ్డు మీద పోయే బళ్లని!"

జనమంతా తల తిప్పి రోడ్డు వైపు చూశారు. గేటు దాటాక ఆ చివరిదాకా చీమ కూడా లేదు.

"ఏవీ బళ్లు?" అంది టైలరమ్మ.

ప్లానరు కుర్చీ దిగి, మళ్లీ అందులోనే కూలబడ్డాడు. సరిగ్గా అప్పుడే ఆ ఖాళీ రోడ్డు మీద ఒక మనిషి నడిచి వస్తూ కనిపించింది. కారు ఎక్కడో వెనక ఇరుక్కుపోతే దిగి, ఎండలో చెప్పులు టకటకలాడిస్తూ వస్తోంది. కమిషనరమ్మ.

"ఏయమ్మాయ్, వెనక్కి!" అని హెడ్మాస్టరు చెయ్యి అడ్డం పెట్టాడు. "కోటా అయిపోయింది. అయినా వరసంటే వరసే."

"నేను కమిషనర్ని," అంది ఆవిడ.

"సొంతిల్లు ఉందా?"

"లేదు. క్వార్టర్సులో ఉంటాను."

"మరి ఇంకేం, నిలబడు," అన్నాడు హెడ్మాస్టరు.

ఆవిడ ఆయన్ని దాటుకుని కుర్చీ ముందుకి వచ్చింది. "ఏమిటిది?"

"పదకొండువందల నలభై ఆరు," అన్నాడు ప్లానరు అలవాటు కొద్దీ. తర్వాత ఎవరు అడిగారో చూసి లేచి నిలబడ్డాడు. ఒళ్లోని అట్ట కింద పడింది. "మేడమ్, తొమ్మిదింబావు దాకా పదకొండువందల నలభై ఆరు. ఒక్కటి కూడా అందాజు కాదు. ఆ తర్వాత సున్నా."

"సున్నా ఎందుకు?"

ప్లానరు డిపో గేటు వైపు చెయ్యి చూపించాడు. "అందరూ నా పటంలోంచి పోతున్నారు మేడమ్."

కమిషనరమ్మ గోడ మీద అంటించిన పటం చూసింది. గేటులోంచి బారుగా పోతున్న బస్సులని చూసింది. మళ్లీ పటం చూసింది. తర్వాత హెడ్మాస్టరు చేతిలోని నోటుపుస్తకం అడిగి తీసుకుని పేజీలు తిప్పింది. తిప్పేకొద్దీ నెమ్మదిగా తిప్పింది. రెండువందల ఆరు కుటుంబాలు. ఎవరు ఎక్కడ పనిచేస్తారు, అద్దె ఎంత, ఎంత దూరం నడుస్తారు, అంతా గుండ్రటి అక్షరాల్లో ఉంది. టైలరమ్మ పేరు పక్కన "రోజూ అరగంట చుట్టూ తిరిగి వస్తుంది, అన్యాయం" అని కూడా ఉంది.

"ఈ సర్వే కోసం మూడేళ్లుగా అడుగుతున్నాను. మనుషులు లేరని రాస్తూ వచ్చారు మీ ఆఫీసు వాళ్లు. ఎన్ని రోజులు పట్టింది?" అంది ఆవిడ.

"రెండు గంటలు," అన్నాడు హెడ్మాస్టరు ప్లానరు తరఫున. "అల్లరి చేయకుండా ఉంటే ఇంకా తొందరగా అయ్యేది."

పదకొండింటి మీటింగు ఆఫీసులో జరగలేదు. డిపోలోనే, ఆ మడతకుర్చీలో కమిషనరమ్మ కూర్చోగా జరిగింది. గేట్లు మళ్లీ మూయకూడదని ఆర్డరైంది. దారికి అటూ ఇటూ ఇళ్లు కట్టాలనీ, నోటుపుస్తకంలో పేరున్నవాళ్లకి నంబర్ల వరసలోనే ఇవ్వాలనీ ఆర్డరైంది. టైలరమ్మ ప్లానరు దగ్గరికి వచ్చి, "ముందే నోరు విప్పి ఆ ముక్క చెప్పొచ్చుగా సార్, మేం కంగారు పడకపోదుం," అంది. నురగాయన బోర్డు తుడిచి యథాస్థానంలో నిలబెట్టాడు. ట్రాఫిక్ ఇంజనీరు ఆఖరి స్టాపులో నిద్రలేచి, వెనక్కి నడుచుకుంటూ వచ్చి, బస్సు తిరుగుతుందని తాను ముందునుంచీ అంటూనే ఉన్నానన్నాడు.

నంబర్ల వరస అన్నారు కనుక ఆఫీసు నంబర్లనే నమ్ముకుంది. టైలరమ్మకి ముందు మూడువందల పదకొండుమందీ, తర్వాత సందుల్లో ఇంకో ఆరువందల పైచిలుకు మందీ కనిపించడం లేదని గమనించి, వాళ్ల ఆచూకీ కోసం పేపర్లో ప్రకటన వేసింది. అవి లారీలూ స్కూటర్లూ అని ప్లానరు రెండుసార్లు నోట్ పెట్టాడు. వాహనాలు స్వయంగా వచ్చి దరఖాస్తు చేసుకోవాలని జవాబొచ్చింది.

ప్లానరు భార్య మాత్రం ఆ వారమంతా మొగుణ్ని నెత్తిన పెట్టుకుంది. వెయ్యీ ముప్పై రెండో నంబరు చీటీ మీద రాసి అద్దానికి అంటించింది. వంటింటి కిటికీ ఏ వైపు ఉండాలో పటం మీద పెన్సిలుతో గుర్తు పెట్టించింది. ఎనిమిదో రోజున అర్హతల జాబితా ప్లానరు బల్ల మీదికి వచ్చింది. అందులో తొమ్మిదో షరతు, విభాగంలో పనిచేసేవాళ్ల కుటుంబాలకి ఇల్లు ఇవ్వరాదు. చుట్టాలకి రాసుకున్నారని రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదని ఆ షరతు చేర్చింది ప్లానరే. కమిషనరమ్మ దాని కింద మెచ్చుకోలుగా గీత కూడా గీసింది. రెండువందల ఆరు పేర్లలో ఆ షరతు తగిలింది ఒక్కదానికే. ప్లానరు కలం తీసి, కాసేపు మూత పెట్టి, మళ్లీ తీసి ఆ పేరు కొట్టేశాడు.

సాయంత్రం ఇంటికెళ్లి ఆ సంగతి చెప్పాడు. భార్య చేతిలో ఉన్న గరిటె కింద పెట్టింది. "వీధిలో అందరికీ ఇల్లిచ్చారు. ఆఖరికి ఆ నురగాయనకి కూడా ఇచ్చారు. కట్టుకున్నదానికి మాత్రం నంబరిచ్చి, చీటీ చింపారు. లోకంలో ఇంకెవరికైనా ఇంత బుర్ర ఉంటుందా?" అని మొదలుపెట్టింది. ఆవిడ చెప్పినదంతా రాయాలంటే హెడ్మాస్టరు పుస్తకం లాంటివి ఇంకో రెండు కావాలి. ప్లానరు ఆ అభ్యంతరాలన్నిటినీ అలవాటు కొద్దీ వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు.

మర్నాడు ఆఫీసులో ఆ జాబితా అడుగున ఉన్న అచ్చు గళ్లు పూర్తిచేస్తూ, "తొలగించిన పేర్లపై అభ్యంతరాలు" అన్న చోట "ఏవీ రాలేదు" అని రాసి సంతకం పెట్టాడు.